గరికకు సోమవారం సెలవు ఉండనివ్వండి

మేనేజింగ్ కమిటీ పెద్దలకు, తోటి సభ్యులకు నమస్కారం.

వచ్చే నెల జరిగే సర్వసభ్య సమావేశం ఎజెండా నిన్న ఇంటికి వచ్చింది. నాలుగో అంశం: సభ్యుల రద్దీ పెరిగినందున సోమవారం సెలవు ఎత్తేసి వారంలో ఏడు రోజులూ మన గోల్ఫ్ కోర్సు తెరిచి ఉంచడం. ఏడో అంశం: జూన్ మొదటి వారంలో మట్టికి గాలి ఆడేలా రంధ్రాలు పొడిచి చేయాల్సిన ఏరేషన్‌ను కార్పొరేట్ టోర్నమెంటు కారణంగా "అనుకూలమైన తేదీకి" వాయిదా వేయడం. తొమ్మిదో అంశం: గ్రీన్ల (బంతిని రంధ్రంలో వేసే చోట ఉండే పొట్టి పచ్చికల) పరిస్థితి సంతృప్తికరంగా లేనందున, కోర్సు గడ్డిని చూసుకునే సూపరింటెండెంట్ కాంట్రాక్టును పునఃపరిశీలించడం.

నాలుగు, ఏడు పాసయితే గ్రీన్లు పాడవుతాయి. పాడైనందుకు శిక్ష తొమ్మిదో అంశం కింద ఆయనకు పడుతుంది. మూడూ ఒకే కాగితం మీద, ఒకే సంతకంతో ఉన్నాయి. ఎవరూ గమనించలేదో, గమనించే పెట్టారో నాకు తెలియదు. నేను మాత్రం చదివాక ఊరుకోలేకపోయాను.

ఆట గురించి సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. పద్నాలుగేళ్ళుగా ఆడుతున్నా హ్యాండిక్యాప్ (ఎంత తగ్గితే అంత మంచి ఆటగాడని లెక్క) 19 దగ్గరే ఉంది. కానీ రెండేళ్ళ కిందట గ్రీన్స్ సబ్ కమిటీలో ఎవరూ ఉండనంటే నా పేరు రాశారు. ఆ ఏడాది వారానికి రెండు రోజులు పొద్దున్నే గడ్డి కోసే మోవర్ల షెడ్డు దగ్గర గడిపాను. అప్పటివరకూ నాకు గడ్డి గురించి తెలిసింది ఒక్కటే, పచ్చగా లేకపోతే నీళ్ళు పోయాలని. అది కూడా తప్పేనని తర్వాత తెలిసింది.

మన గ్రీన్ల మీద ఉన్నది ఏదో సీమ గడ్డి అనుకునేవాణ్ణి. అది గరిక. వినాయక చవితికి పత్రిలో పెట్టే గరికకు దగ్గర చుట్టం. ప్రపంచమంతా బెర్ముడా అని పిలిచేది ఆ గరికనే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్ళో శాస్త్రవేత్తలు దాన్ని ఆఫ్రికా గరికతో సంకరం చేసి, పొట్టిగా, ఒత్తుగా పెరిగే రకాలు తీశారు. అందుకే వాటి పేర్లన్నీ టిఫ్‌తో మొదలవుతాయి. మన ఫెయిర్‌వేల (గ్రీన్ దాకా బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక దారుల) మీద ఉన్నది టిఫ్‌వే 419, గ్రీన్ల మీద ఉన్నది 1965లో విడుదలైన టిఫ్‌డ్వార్ఫ్. ఈ సంకర రకాలు విత్తనం కట్టవు. కాడలు తెచ్చి నాటుకోవాల్సిందే. గ్రీన్ మీద ఒక చోట గడ్డి చచ్చిపోతే గుప్పెడు విత్తనాలు చల్లి ఊరుకోవడం కుదరదు. నర్సరీలోంచి చాప కోసుకొచ్చి అతికించి, అది పట్టుకునే దాకా వారాల తరబడి కాచుకోవాలి. "ఆ మచ్చ ఇంకా అలాగే ఉందేంటి?" అని ఏడో గ్రీన్ దగ్గర రోజూ అడిగే మిత్రులకు ఇదే జవాబు.

మన దగ్గర కలుపు తీసే ఆడవాళ్ళు చేవెళ్ళ వైపు నుంచి ఆటోలో వస్తారు. గ్రీన్ అంచున గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో తుంగను గడ్డతో సహా పైకి లేపుతారు. గడ్డ లోపల తెగిపోతే మళ్ళీ మొలుస్తుంది. వాళ్ళలో పెద్దామె ఒకరోజు నాతో అంది: "పొలంల గరిక పీకలేక సస్తిమి సారూ. ఈడ అదే గరికకు దిష్టి తీసుడొక్కటే తక్కువ."

ఆమె నవ్వుతూ అన్న మాటే నాకు ఆ తర్వాత చాలా రోజులు ప్రశ్నగా మిగిలింది. నాగలితో దున్నినా, ఎండలో పారేసినా చావని గరిక మన గ్రీన్ల మీద ఎందుకు చస్తోంది?

మనం దాన్ని ఎంత పొట్టిగా కోస్తున్నామో చూడండి. మూడున్నర మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన ఇంకాస్త. మొక్క తిండి తయారు చేసుకునేది ఆకులో. ఆకును రోజూ అంత మేరకే ఉంచితే వేరు కూడా పొట్టిదవుతుంది. దాని మీద ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందల పాదాలు. అవన్నీ గ్రీన్ అంతటా పడినా కొంత నయం, అందరం నడిచేది కప్ చుట్టూ ఆ నాలుగడుగుల్లోనే. అందుకే కప్‌ను రోజూ మారుస్తారు. నాలుగుంపావు అంగుళాల రంధ్రం కొత్త చోట తీసి, ఆ ముద్దను పాత రంధ్రంలో కూర్చుతారు. ముద్ద రెండు మిల్లీమీటర్లు కిందికి దిగితే మన బంతి అక్కడ ఎగురుతుంది, రెండు మిల్లీమీటర్లు పైకి ఉంటే మోవర్ దాని తల గొరిగేస్తుంది. మాలీ మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో తడిమి చూసి, ఒక చెమ్చాడు ఇసుక తీసి మళ్ళీ పెట్టడం చూశాను. పద్దెనిమిది గ్రీన్ల మీద ఇదంతా మొదటి ఫోర్‌బాల్ (నలుగురి జట్టు) రాకముందే అయిపోవాలి.

ఆదివారం మన మొదటి టీ టైము, అంటే ఆట మొదలుపెట్టే వేళ, 5:45. ఇప్పుడు 5:30 చేయమంటున్నారు. చలికాలంలో ఆ వేళకు ఇంకా చీకటే. మాలీలు పొడవాటి గడలతో గ్రీన్ మీద మంచు కొడుతుంటారు. ఆకు మీద నీటి బొట్లు ఎక్కువసేపు ఉంటే బూజు తెగుళ్ళు పట్టుకుంటాయి. దులిపేస్తే త్వరగా ఆరుతుంది. ఆ పని సగంలో ఉండగా వెనకనుంచి మనవాళ్ళు "ఫోర్" (బంతి వస్తోంది, తప్పుకో) అని అరుస్తారు. మాలీ గడ భుజాన వేసుకుని పక్కకు పరిగెత్తుతాడు. మిగతా సగం గ్రీన్ ఆ రోజుకు అంతే.

సోమవారం మాత్రం ఎవరూ పరిగెత్తక్కర్లేదు. మనం వాడేది శుద్ధి చేసిన మురుగునీరు. మంచిదే, తాగే నీళ్ళు వాడటం కంటే నయమే. కానీ ఆ నీళ్ళలో ఉప్పు ఉంటుంది. అది వేర్ల దగ్గర పేరుకుంటుంది. జిప్సం వేసి, గ్రీన్‌ను బాగా తడిపి, ఉప్పును కిందికి కడిగేయాలి. అలా తడిపిన గ్రీన్ మీద ఆడటం కుదరదు. తెగులు మందు కొడితే అది ఆరేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదు. పలచగా ఇసుక చల్లి చాపతో లాగాలి. పగిలిన పైపు బయటపడాలంటే ఫెయిర్‌వే మధ్యలో గుంత తవ్వాలి. ఇవన్నీ ఆటగాళ్ళు తిరుగుతుండగా చేయమంటే, రోడ్డు మీద ట్రాఫిక్ ఆపకుండా తారు వేయమన్నట్టే.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును ఆదివారం ఆటకు మూసేస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు పట్టుకుని, లాటరీలో పేరు రావాలని కాచుకునే చోటు అది. ఆదివారం తెరిస్తే ఎంత ఆదాయమో లెక్క వేసుకోండి. అయినా ఏవో పెద్ద పోటీలప్పుడు తప్ప తెరవరు. ఊరి జనం కుక్కల్ని తీసుకుని దాని మీద షికారు చేస్తారు. 1865 నుంచి అక్కడ గ్రీన్‌కీపర్‌గా ఉన్న ఓల్డ్ టామ్ మోరిస్, ఆటగాళ్ళకు విశ్రాంతి అక్కర్లేకపోయినా కోర్సుకు కావాలని అనేవాడని చెప్పుకుంటారు.

అంత దూరం ఎందుకు అంటారేమో. సరే, మొన్న మనమంతా క్లబ్‌హౌస్ టీవీలో మాస్టర్స్ టోర్నమెంటులో చూసిన, అమెరికాలోని అగస్టా కోర్సు సంగతి తీసుకోండి. మాస్టర్స్ అయిన మర్నాడు మన వాట్సాప్ గ్రూపులో ఎన్ని ఫోటోలు, ఎన్ని నిట్టూర్పులు! "మన కోర్సు అలా ఎందుకు లేదు?" అని. అగస్టా నేషనల్‌ను మే చివర్లో మూసేస్తే మళ్ళీ తెరిచేది అక్టోబర్‌లోనే. వేసవంతా సభ్యులు కూడా ఆడరు. చలికాలం కోసం ఏటా ఫెయిర్‌వేల మీద రై గడ్డి విత్తనాలు చల్లుతారు. గ్రీన్ల అడుగున గాలి, తేమ లాగే పైపుల వ్యవస్థ ఉంటుంది. అగస్టా పచ్చదనం కావాలని నలభై మంది అడిగారు. అగస్టా సెలవులు కావాలని ఒక్కరూ అడగలేదు.

ఇక ఏడో అంశం. నా అసలు బాధ ఇక్కడే ఉంది.

పొలాన్ని ఏటా దున్నుతాం. మట్టి గుల్లబారితేనే గాలి, నీళ్ళు లోపలికి పోతాయి. గ్రీన్‌ను దున్నలేం కాబట్టి దానికి రంధ్రాలు పొడుస్తారు. అరంగుళం మందం ఉండే బోలు గొట్టాలున్న మెషీన్ మూడు, నాలుగు అంగుళాల లోతు నుంచి మట్టి కడ్డీల్ని పైకి తీస్తుంది. వాటిని ఊడ్చి పారేసి, రంధ్రాల్లో ఎండిన ఇసుక నింపుతారు. రెండు మూడు వారాలు గ్రీన్ చూడటానికి అమ్మవారు పోసిన మొహంలా ఉంటుంది, ఒప్పుకుంటాను. పుట్ చేస్తే (రంధ్రం వైపు మెల్లగా కొడితే) బంతి గంతులేస్తుంది. కానీ గరిక ఎదిగే వేడిలో చేస్తే అంతలోనే పూడుకుపోతుంది. మన ఊళ్ళో అందుకు సరైన వేళ రోహిణి ఎండలు దాటి మృగశిర ప్రవేశించే రోజులు. నేల వెచ్చగా ఉంటుంది, ఇసుక ఇంకా పొడిగా ఉంటుంది, గరిక ఆకలి మీద ఉంటుంది.

పోయినేడాది కూడా టోర్నమెంటు కోసం దీన్ని వాయిదా వేశాం. అనుకూలమైన తేదీ ఆగస్టులో దొరికింది. అప్పటికి ముసురు. ఇసుక తడిసి ముద్దయింది, రంధ్రాల్లోకి సరిగ్గా దిగలేదు. చీపుళ్ళతో ఎంత తోసినా చాలావరకు పైనే ఉండిపోయింది. నాలుగు గ్రీన్లు చేసి మిగతావి ఆపేశారు. డిసెంబర్‌లో రాత్రులు చల్లబడి గరిక ఎదుగుదల మందగించేసరికి చెయ్యని గ్రీన్ల మీద ఎక్కడికక్కడ పలచబడి నేల కనిపించింది.

జనవరిలో సూపరింటెండెంట్ నన్ను ఏడో గ్రీన్ దగ్గరికి తీసుకెళ్ళారు. కప్ కట్టర్‌తో ఒక ముద్ద తీసి నా చేతిలో పెట్టారు. పైన అంగుళం మందాన చచ్చిన కాడలు, వేర్లు పేరుకుని స్పాంజిలా మెత్తగా ఉంది. నొక్కితే నీళ్ళు కారాయి. దాని కింద ఒక నల్లటి చార. ముక్కు దగ్గర పెట్టుకోమన్నారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి ఆడని చోట పుట్టే వాసన అది. వేర్లన్నీ ఆ నల్ల చార దగ్గరే ఆగిపోయాయి. అడుగున మంచి ఇసుక ఉంది. పన్నెండు అంగుళాల ఇసుక పొర, దాని కింద నాలుగంగుళాల కంకర, యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) పద్ధతిలో కోట్లు పోసి కట్టించుకున్నది. ఆ ఇసుక దాకా ఒక్క వేరూ చేరలేదు.

తర్వాత ఆగస్టులో పని పూర్తయిన నాలుగింటిలో ఒకటైన మూడో గ్రీన్‌లో ముద్ద తీశారు. ఇసుక దిగిన రంధ్రాల వెంట తెల్లటి వేర్లు దారాల్లా కిందికి జారి ఉన్నాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఏమీ లేదు. ఆ రెండు ముద్దల్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి అప్పటి కమిటీకి పంపాను. "నోటెడ్" అని జవాబు వచ్చింది.

వేగం గురించి కూడా ఒక మాట. గ్రీన్లు "స్లో"గా ఉన్నాయని, స్టింప్ 11 కావాలని మనలో కొందరి పట్టు. 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ తయారు చేసిన మూడడుగుల వాలు బద్ద అది. దాని మీంచి జారిన బంతి ఎన్ని అడుగులు పోతే అంత స్టింప్. దాన్ని క్లబ్బులకు ఇచ్చింది ఒకే కోర్సులో గ్రీన్లన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవడానికి. మనం దాన్ని పక్క క్లబ్బుతో పందెం కోసం వాడుతున్నాం. 11 రావాలంటే బ్లేడు ఇంకా కిందికి దించాలి. పైన ఎంత కోస్తే కింద వేరు అంత పొట్టిదవుతుందని ఇందాక చెప్పాను. నిజాయితీగా చెప్పండి, 9 ఉన్న గ్రీన్ మీద మనలో ఎంతమందిమి మూడు పుట్లు లేకుండా ముగిస్తున్నాం?

నీళ్ళ విషయానికి వస్తే, మేలో ఫెయిర్‌వేలు పసుపెక్కగానే ఆఫీసుకు ఫోన్లు మొదలవుతాయి. ఒక ఎకరంలో ఒక్క మిల్లీమీటరు నీళ్ళు పెట్టాలంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు కావాలి. మన ఫెయిర్‌వేలు, వాటి పక్కన పొడుగు గడ్డి ఉండే రఫ్ కలిపి తడిపేది అరవై ఎకరాలనుకుందాం. రోజుకు నాలుగు మిల్లీమీటర్లు అంటే తొమ్మిదిన్నర లక్షల లీటర్లు దాటుతుంది. పదివేల లీటర్ల ట్యాంకర్లు తొంభై ఏడు. మన ప్రహరీ అవతల కాలనీలో అదే నెలలో బోర్లు ఎండిపోయి జనం బిందెలతో నిలబడతారు. మన నీళ్ళు శుద్ధి చేసినవే కావచ్చు, స్ప్రింక్లర్ తిరుగుతుంటే గోడ మీంచి చూసేవాళ్ళకు ఆ తేడా ఎవరు చెబుతారు? గరిక ఎండకు పసుపెక్కి కూర్చుంటుంది, చావదు. తొలకరి పడగానే లేస్తుంది. అమెరికాలో పైన్‌హర్స్ట్ నెంబర్ 2 కోర్సులో ఎకరాల కొద్దీ పచ్చిక తీసేసి, స్ప్రింక్లర్లు తగ్గించి, 2014లో ఆ గోధుమరంగు నేల మీదే యూఎస్ ఓపెన్ ఆడించారు. పైగా గట్టి నేల మీద మన డ్రైవ్ (దూరం పోవాలని కొట్టే మొదటి దెబ్బ) ఇంకో పాతిక గజాలు దొర్లుతుంది. ఆ పాతిక గజాల గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు.

అసలు ఆ పసుపు రంగు ప్రతిసారీ నీళ్ళు లేకపోవడం వల్లేనా? షెడ్డులో మెకానిక్ చూపించిన పరీక్ష ఇది. మోవర్‌ను స్టాండు మీద ఎక్కించి, పాత పేపర్‌లోంచి ఒక పట్టీ చింపి, తిరిగే బ్లేడుకూ అడుగు బ్లేడుకూ మధ్య పెట్టి చేత్తో రీలు తిప్పాడు. ఒక చివర కత్తెరలో పెట్టినట్టు తెగింది. ఇంకో చివర తెగకుండా మడత పడింది. "గడ్డిని గూడ గిట్లనే నములుతది సార్. కొసలు తెల్లబడ్తయి. బ్లేడు మొద్దుగుంటే నీళ్ళు పోస్తే ఏం ఫాయిదా?" సానపట్టే మెషీన్ మన దగ్గర లేదు. బ్లేడ్లు బయటికి పంపితే వారం పడుతుంది, ఆ వారం మొద్దు బ్లేడుతోనే కోస్తారు. పదకొండో అంశంలో లాంజ్‌కు కొత్త సోఫాలు ఉన్నాయి. ఇప్పుడున్న సోఫాలకు ఏమైందో నాకు తెలియదు, నేను రోజూ కూర్చుంటున్నాను, బాగానే ఉన్నాయి.

చెట్ల సంగతి రాస్తే గొడవవుతుంది కానీ రాస్తాను. పన్నెండో గ్రీన్‌కు తూర్పున ముఖ్య అతిథులు నాటిన మొక్కలు ఇప్పుడు మహావృక్షాలయ్యాయి. పదింటిదాకా అక్కడ ఎండ పడదు. గరికకు నీడ సరిపడదు. కొట్టేయమనను, కింది కొమ్మలు నాలుగు తీయించండి, చాలు.

ఇక మనం. కమిటీని అనడం తేలిక. గ్రీన్ మీద బంతి పడి గుంట చేస్తే మనలో సగం మందిమి చూడనట్టు నడిచిపోతాం. బాగుచేసేవాళ్ళలోనూ చాలామంది ఫోర్కును అడుగున గుచ్చి పైకి లేపుతారు. అలా చేస్తే ఉన్న నాలుగు వేర్లూ తెగుతాయి. అంచుల్లో గుచ్చి మధ్యకు నెట్టాలి, తర్వాత పుటర్‌తో తట్టాలి. పది సెకన్ల పని. 2019 నుంచి నిబంధనలు కూడా బూట్ల స్పైక్ గుర్తులతో సహా గ్రీన్ మీది దెబ్బలు దాదాపు అన్నిటినీ సరిచేసుకోనిస్తున్నాయి, కాబట్టి ఆ సాకూ లేదు. పచ్చిక పెంచే స్తోమత లేని చిన్న కోర్సుల్లో ఇప్పటికీ "బ్రౌన్స్" ఉంటాయి, నూనె కలిపిన ఇసుకతో చేసినవి. అక్కడ పుట్ అయ్యాక ఆటగాళ్ళో, వాళ్ళ బ్యాగులు మోసే కేడీలో అడుగుల గుర్తులు లాగి సాపు చేసి మరీ వెళ్తారు. చేయకపోతే వెనక వచ్చేవాళ్ళు ఆడలేరు. మన దగ్గర గరిక మన తప్పును రెండు రోజులు దాచిపెడుతుంది, తేడా అంతే.

నేను అడిగేది ఇది. నాలుగో అంశం ఉపసంహరించుకోండి. ఏరేషన్ తేదీ జూన్‌లోనే ఉంచి, టోర్నమెంటు తేదీని మార్చండి. కంపెనీవాళ్ళకు సెప్టెంబర్ చివరైనా ఒకటే, గరికకు కాదు. ఆదివారం మొదటి టీ టైము ఆరుకు మార్చండి. సోఫాల డబ్బుతో సానపట్టే మెషీన్ కొనండి. ఇవి చేసి ఒక ఏడాది ఆగాక కూడా గ్రీన్లు ఇలాగే ఉంటే తొమ్మిదో అంశం మళ్ళీ పెట్టండి. అప్పుడు నేనే బలపరుస్తాను.

సోమవారం పొద్దున ఐదింటికి వెనక గేటు పక్కన షెడ్డు దగ్గర ఉంటాను. సూపరింటెండెంట్ గారిని అడిగాను, ఎవరొచ్చినా సరే అన్నారు. ఏడో గ్రీన్‌లో మళ్ళీ ముద్ద తీసి చూపిస్తారు. టిఫిన్ తినకుండా రండి, ఆ వాసన ఖాళీ కడుపుకే కాస్త నయం. స్పైక్ షూస్ వద్దు, మామూలు చెప్పులు చాలు. టీ మాలీలు పెడతారు, చక్కెర కొంచెం ఎక్కువే వేస్తారు.

ఇట్లు,
హ్యాండిక్యాప్ 19 దగ్గరే ఆగిపోయిన ఒక సభ్యుడు